ఆ గొట్టానికి మర కోయకండి

అత్తిలి, తణుకు, తాడేపల్లిగూడెం లేత్ షాపుల మేస్త్రులకూ, వాళ్ళ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళకూ ఈ మాట. రైసు మిల్లు షాఫ్టులు, చేపల చెరువు ఏరియేటర్ల ఇరుసులు, పంపుల బుష్‌లు మీకు రోజూ ఉండే పనులే. వాటి మధ్య ఎవడైనా గుడ్డలో చుట్టిన ఉక్కు గొట్టం తెచ్చి, "చివర మర కోసిపెట్టు బాబాయ్, ఎంతైనా ఇస్తా" అంటే, చక్‌కి బిగించకముందే ఆగండి. అది తుపాకీ గొట్టం కావచ్చు. ఆ మర సైలెన్సర్ బిగించడానికి కావచ్చు.

1959 ఆయుధాల చట్టం 2వ సెక్షన్ ప్రకారం పేలుడు చప్పుడునీ మంటనీ తగ్గించే సామాను కూడా తుపాకీయే. విడిభాగాలూ తుపాకీయే. తుపాకులు తయారుచేసే యంత్రాల్నీ ఆ నిర్వచనంలోనే చేర్చారు. లేత్ యజమాని ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. లైసెన్సు లేకుండా తయారుచేసినా, మార్చినా, రిపేరు చేసినా 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్ళ జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు. "నేను మర ఒక్కటే కోశానండీ" అంటే వదిలిపెట్టరు.

ప్రాణం సంగతి అంతకన్నా పెద్దది. షాఫ్టు మీద డయల్ గేజ్ పెట్టి, ముల్లు కదలకపోతే సెంటర్ వచ్చేసిందనుకుంటాం. షాఫ్టుకి అది చాలు. తుపాకీ గొట్టానికి పైన గుండ్రం ఒక దారి, లోపల బెజ్జం ఇంకో దారి పోయి ఉండొచ్చు. ముల్లు నిలబడే ఉంటుంది, బెజ్జం మాత్రం వెంట్రుకవాసి పక్కకి చూస్తుంటుంది. సైలెన్సర్ అవతలి కొసకి వెళ్ళేసరికి ఆ తేడా పెరుగుతుంది. తూటా లోపలి పలకల్ని కొడుతుంది. సైలెన్సర్ చీలి ముక్కలు పక్కవాడి మొహాన పడతాయి. పైగా మర కోసిన చోట గొట్టం గోడ పలచబడుతుంది. రైఫిల్ పేలినప్పుడు తూటా ఉండే గదిలో పుట్టే ఒత్తిడి చదరపు అంగుళానికి 50 వేల పౌండ్లు దాటొచ్చు. ఎవరూ పరీక్షించని నాటు తుపాకీ గొట్టమైతే, మర లేకపోయినా చేతిలోనే పేలొచ్చు.

పోనీ, చప్పుడన్నా పోతుందా? సినిమాల్లోలా టుప్పుమని ఆగదు. రైఫిల్ మోత 160 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. మంచి సైలెన్సర్ కూడా అందులో 20 నుంచి 35 తగ్గిస్తుంది, అంతే. ధ్వని వేగాన్ని దాటి పోయే తూటా గాలిని చీల్చే చప్పుడు దేనికీ ఆగదు.

మరి ఎందుకీ సరదా? చెరువు మీద వాలే కొంగల్నీ గూడబాతుల్నీ ఊరికి తెలియకుండా కొట్టొచ్చనా? మన కొల్లేరు సరస్సు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అనుమతి లేకుండా ఆయుధంతో అందులో అడుగుపెట్టడమే నేరం. ఎయిర్‌గన్ అయితే ఫరవాలేదనుకోకండి, 20 జౌల్స్ శక్తి దాటినదానికి లైసెన్సు కావాలి.

గుర్తులు చెబుతాను. గొట్టం ఒక్కటే తెస్తాడు, మిగతాది చూపించడు. లోపల మెలి తిరిగిన గాళ్ళు కనిపిస్తాయి. బైకు సైలెన్సర్ అంటాడు, చూస్తే బెజ్జంలో చిటికెనవేలైనా దూరదు. షట్టర్ దించాక చేద్దామంటాడు. బిల్లు వద్దంటాడు. ఫోన్లో అమెరికా వీడియో చూపిస్తాడు. అక్కడ కూడా సైలెన్సర్‌ని రిజిస్టర్ చేయించాలన్న చట్టం 1934 నుంచీ ఉందని మాత్రం చెప్పడు.

ఇంట్లో తాతల నాటి తుపాకీ ఉండి, లైసెన్సు లేకపోతే దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించండి. లైసెన్సున్న తుపాకీకి మరమ్మతు కావాలంటే, ఆ పనికి లైసెన్సున్న ఆయుధాల దుకాణానికే వెళ్ళండి. మేస్త్రులూ, మీ షాపు కుర్రాడు తెలియక ఒప్పుకున్నాడని తెలిస్తే వాణ్ణి కొట్టకండి, కూర్చోబెట్టి చెప్పండి. గొట్టాన్ని రాత్రికి షాపులో ఉంచుకోవద్దు. తెచ్చినవాడితో గొడవకి దిగొద్దు. 112కి ఫోన్ చేయండి.