తూకములో కపటము, మాటలో కపటము

సంతలో కూరగాయలు కొనునపుడు మనము త్రాసుముల్లు వైపు చూతుము. బట్ట కొనునపుడు కొలబద్ద వైపు చూతుము. కాని కేవలము మాటను నమ్మి కొనునవి కొన్ని కలవు. వానిని తూచుటకు త్రాసు లేదు. ఇంటింటికి టెలివిజన్ ప్రసారముల నందించు సేవ యట్టిది.

బాలబాలికలారా! ఒకప్పుడు పెక్కు గ్రామములలో ఊరి కొక్క కేబుల్ వర్తకుడే యుండెడివాడు. అతడు చెప్పినదే ధర. అతడు చూపినదే బొమ్మ. 2003వ సంవత్సరమున ఉపగ్రహమునుండి నేరుగా ఇంటి డిష్‌కు ప్రసారముల నందించు సేవ మన దేశమున ప్రారంభమయ్యెను. పిమ్మట పెక్కు సంస్థలు పోటీకి దిగినవి. పోటీ మంచిదే. దానివలన ధర తగ్గును, సేవ మెఱుగగును. కాని పోటీ పనితనములో నుండవలెను గాని, పలుకుల గారడిలో నుండరాదు.

2019వ సంవత్సరము ఫిబ్రవరిలో, వీక్షకులు తాము కోరిన ఛానెళ్లను ఎన్నుకొని చందా చెల్లించు పద్ధతి, టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ ఆజ్ఞచే అమలులోనికి వచ్చెను. ఆ దినములలో ఒక సంస్థ తరఫున ఒక యువకుడు మా వీథికి వచ్చెను. మా పొరుగున నున్న వృద్ధురాలితో, "అమ్మా! ప్రభుత్వము కేబుల్‌ను ఎత్తివేయుచున్నది. మా డిష్ పెట్టించుకొననిచో మీ టీవీ ఆగిపోవును. ఆఱు నెలలు అంతయు ఉచితము" అని చెప్పెను. ఆమె తన పింఛను సొమ్ములోనుండి 1,500 రూపాయలు చెల్లించెను.

ఆ సాయంకాలము ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆమె మనుమడు రసీదు వెనుకనున్న సన్నని అక్షరములను చదివెను. ఉచితము కొన్ని ఛానెళ్లకు మాత్రమే యట! చెల్లించిన సొమ్ము తిరిగి యియ్యబడదట! మఱుసటి నెలలో ప్రక్కయింట కేబుల్ యథాప్రకారముగ నడచుచునే యుండెను. "పంతులుగారూ! నాకు చదువు రాదు గదా, తప్పు నాదేనా?" అని యామె నన్నడిగెను.

కాదని నా దృఢమైన అభిప్రాయము. ప్రభుత్వము ఛానెళ్లను ఎన్నుకొనుమనెను గాని, కేబుల్‌ను ఎత్తివేయలేదు. సత్యములో ఒక పాలు తీసికొని, దానికి భయమును జోడించి అమ్ముట కేవలాసత్యము కంటె ప్రమాదకరము. ఏలయన దానిని కనిపెట్టుట కష్టము.

ధర చెప్పుటలోను ఇట్టి నేర్పే కలదు. 2019 నాటి లెక్క చూడుడు. ఛానెళ్ల కట్టకు నెలకు 200 రూపాయలని పెద్ద అక్షరములతో ప్రకటింతు రనుకొనుడు. మొదటి 100 ఛానెళ్లకు 130 రూపాయల వఱకు వేఱుగా రుసుము గలదు. మొత్తము 330 రూపాయలపై నూటికి 18 వంతున పన్ను. వెరసి 389 రూపాయల 40 పైసలు! ప్రకటనలో అబద్ధ మేదియు లేదు. కాని చదివినవాడు మోసపోయెను. ప్రసార భారతి వారి ఫ్రీ డిష్‌కు నెలసరి చందా లేదు. ఆ సంగతి చందా లమ్మవచ్చినవాడు మన కేల చెప్పును?

"కొనువాడే విచారించుకొనవలెను" అని కొందఱు వర్తకు లందురు. విచారించుట కొనువాని ధర్మమే. కాని దాచిపెట్టిన దానిని విచారించు టెట్లు? అంతేకాదు, కపటము లాభించినచో, ఉన్న ధర ఉన్నట్లు చెప్పు సత్యసంధుడైన వర్తకుడే నష్టపోవును. ఆ యువకుని మాత్రము నే నంతగా నిందింపను. ఎన్ని కనెక్షను లిప్పించిన అంత కూలి యను నేర్పాటు చేసినవారే ముందుగా సమాధానము చెప్పవలెను.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వఱకు, మరల చేసినచో 50 లక్షల వఱకు జరిమానా విధింపవచ్చును. ఫిర్యాదు చేయ దలచినవారికి 1915 అను ఫోను సంఖ్య కలదు. కాని గుమ్మము కడ పలికిన మాటకు సాక్ష్య మెక్కడిది? కావున సొమ్ము పుచ్చుకొనుటకు ముందే, పన్నుతో సహా మొత్తము ధరను, గడువును తెలుగులో, ఒకే పరిమాణము గల అక్షరములలో వ్రాసి యిచ్చుట విధిగా నుండవలెనని నే ననుచున్నాను.

అంతవఱకు ఆ భారము మీపై నున్నది. మీ యింటికి వచ్చిన కాగితమును మీరు చదువుడు. పెద్దలకు చదివి వినిపింపుడు. "మొత్తమెంత? ఎంతకాలము? వ్రాసి యిత్తురా?" అని వినయముతో అడుగుడు. ఆ బాలుడు రసీదును సాయంకాలము చదివెను. ఉదయమే చదివియున్నచో, ఆ యవ్వ సొమ్ము ఆమె కొంగుననే యుండెడిది.