పరీక్షిత్తుకు యాగం, కూలీకి పసరు
(వాడ నుంచి వాతావరణం - 6)

ఎండలు ముదిరేకొద్దీ మనుషులూ అడవి జీవులూ ఎదురుపడటం పెరుగుతోందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. నిజమే. ఆ "మనుషులు" ఎవరన్నదే నా పేచీ.

పులి ఊళ్లోకొస్తే టీవీలన్నీ అక్కడే. పాము కరిస్తే జిల్లా పేజీలో రెండు లైన్లు. లెక్క చూడండి: 2000 నుంచి 2019 వరకు ఈ దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలు. ఏడాదికి సగటున 58 వేలు. ఈ చావులు ఎక్కువున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పాము బయటి వేడి మీద ఆధారపడి బతుకుతుంది. 45 డిగ్రీల ఎండలో ఆరుబయట ఉంటే చస్తుంది. అందుకే పగలు ఎలుక బొరియలోనో గడ్డివాములోనో దాక్కుని, చల్లబడ్డాక వేటకొస్తుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రోజు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే పాముకాట్లు 6 శాతం దాకా పెరిగాయని 2023లో ఒక అధ్యయనం తేల్చింది. మన దేశంలో సగం చావులు జూన్-సెప్టెంబరు మధ్యే. అంటే నాట్లు, కలుపుల కాలంలో.

ఇప్పుడు కూలి తల్లిని చూడండి. అదే ఎండకు భయపడి చీకటితోనే చేలోకి దిగుతుంది. రేకుల ఇంట్లో ఉక్క భరించలేక వాకిట్లో చాపేసుకుంటుంది. పాము ప్రాణం కాపాడుకోవడానికి ఏ వేళకు, ఏ చోటికి వస్తుందో, ఆమే అక్కడికే వస్తుంది. ఏసీ గదిలో పడుకున్నవాడికి ఈ ఎదురుపడటం లేదు. వీధిదీపం లేని చోట, తుమ్మల పక్కన, ఊరి చివర వాడను పెట్టింది వాతావరణం కాదు, కులం.

నన్నయ ఆదిపర్వంలోనూ పాముకాటు కథ ఉంది. కాటు పడింది రాజుకు. కాబట్టి పరీక్షిత్తు కొడుకు పాముల జాతినే హోమం చేయబోయాడు. మనం ఎంత ముందుకొచ్చాం? 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెరిగితే మోపిదేవి గుళ్లో సర్పశాంతి యాగం చేశారు! మంత్రానికి విషం విరగదు. యాంటీవెనమ్‌కి విరుగుతుంది. ఆ మందు తయారీకి కావాల్సిన విషంలో అధిక భాగాన్ని పాముల నుంచి తీసిచ్చేది తమిళనాడు ఇరుల ఆదివాసుల సహకార సంఘం. మందుకూ వాళ్లే, చావుకూ మనమే.

"ఆస్పత్రికి పోకుండా పసరుకు పోతారు, అంతా మూఢనమ్మకం" అంటారు కొందరు మేధావులు. పసరు పోసేవాడు రాత్రి రెండింటికి తలుపు తీస్తాడయ్యా. మీ పీహెచ్‌సీ తీస్తుందా?

ఇక చావు వెల. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమా, పట్టా ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలిస్తుంది. ఇవ్వాల్సిందే. కానీ అదే చేలో, అదే పాము కరిస్తే, భూమిలేని కూలీకి ఆ బీమా లేదు. పాము పట్టా అడగదు. ప్రభుత్వం అడుగుతుంది.

2030 నాటికి పాముకాటు చావులను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కాటునూ నమోదు చేయాల్సిందేనని కర్ణాటక అదే ఏడాది ఆదేశించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి కాటూ లెక్కకెక్కాలి. ఎవరి చేలో, ఏ వేళ, ఏ పనిలో కరిచిందో కూడా రాయాలి. ప్రతి పీహెచ్‌సీలో 24 గంటలూ యాంటీవెనమ్, దాన్ని ఎక్కించగల డాక్టరు ఉండాలి. కూలీకి బీమా, బూట్లు, టార్చి, వాడకు వీధిదీపం కావాలి.

విద్యార్థి మిత్రులారా, సెమినార్లలో "క్లైమేట్ జస్టిస్" అనే ముందు మీ మండలం పీహెచ్‌సీకి వెళ్లి యాంటీవెనమ్ స్టాకు రిజిస్టరు అడగండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

జై భీమ్.
(ఇంకా ఉంది)