నోరు చూస్తారు, ఊరు చూడరు

డెంటల్ కాలేజీలో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ చదివిన ఎవరికైనా కంఠతా వచ్చే లెక్క డీఎంఎఫ్‌టీ. పుచ్చినవి ఎన్ని, పుచ్చు వల్ల పోగొట్టుకున్నవి ఎన్ని, సిమెంటు పెట్టించుకున్నవి ఎన్ని. మూడూ కూడితే స్కోరు. 1938లో అమెరికాలో పుట్టిన ఈ కొలత తేలిక, చవక కాబట్టి నేటికీ ప్రపంచమంతా వాడుతోంది. కానీ నాలుగు పళ్లకు సిమెంటు పెట్టించుకున్న హైదరాబాద్ ఐటీ ఉద్యోగికీ, నాలుగూ పీకించుకున్న మిర్చి కూలీకీ స్కోరు నాలుగే. ఒకరు ఆ పళ్లతో నములుతున్నారు, ఇంకొకరు చిగుళ్లతో నెట్టుకొస్తున్నారు. కూడికలో ఆ తేడా కరిగిపోతుంది. పుస్తకంలో ‘ఈ ఇండెక్స్ లోపాలు’ అన్న జాబితా ఉంటుంది, వైవాలో దాన్ని అప్పజెప్పిస్తారు కూడా. ఆ లోపం వెనుక ఎవరున్నారో అడిగేవాళ్లు తక్కువ.

ఆ కూలీ పళ్లు ఎందుకు పీకించుకుంది? కాలేజీ ఆస్పత్రిలో రూట్ కెనాల్ చవకే. కానీ విద్యార్థి చేతిలో అది ఒక్క రోజులో తెమలదు. మూడు నాలుగుసార్లు రావాలి, ఆపైన క్యాపు. వచ్చిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. ‘పీకెయ్యి నాయనా, పీడా పోతుంది’ అంటుందంటే లెక్క చూసుకునే అంటోంది. కేస్ షీటులో మాత్రం విద్యార్థి రాసేది ఒక్క ముక్క: ‘రూట్ కెనాల్‌కు పేషెంటు ఒప్పుకోలేదు.’ దాంతో ఆమె పేదరికం ఆమె మొండితనంగా నమోదైపోతుంది. అసమానతల మీద పాఠం చెప్పదలచిన మాష్టారు అలాంటి కేస్ షీట్లు పది తెచ్చి తరగతిలో చదివిస్తే చాలు.

మన దగ్గర ఆ పాఠాన్ని ఊళ్లో పెట్టే దంత వైద్య క్యాంపుకు వదిలేశారు. బడి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, టార్చిలైట్లు, మందునీళ్లలో ముంచిన మౌత్ మిర్రర్లు, గోడకు ఫ్లెక్సీ. ఒకరు నోట్లోకి చూసి అంకెలు చెబుతుంటే మరొకరు రాసుకుంటారు. చివర్లో పెద్ద దవడ బొమ్మ మీద బ్రష్ ఆడించి చూపిస్తారు: రెండు పూటలా తోముకోండి, తీపి తగ్గించండి, ఆరు నెలలకోసారి చూపించుకోండి. మధ్యాహ్నానికి కాలేజీ బస్సు వస్తుంది. పీకాల్సిన పళ్లున్నవారిని, పళ్లసెట్టు కావాల్సినవారిని ఎక్కించుకుంటారు. ఆఖరి ఏడాది విద్యార్థుల కోటా నిండాలి, తనిఖీల నాటికి ఓపీ రిజిస్టరు బరువుగా ఉండాలి. దీనివల్ల కొందరికి ఖర్చు లేకుండా వైద్యం అందుతున్న మాట నిజమే. అయితే జనారోగ్యం నేర్పాల్సిన విభాగం చాలా కాలేజీల్లో పేషెంట్లను సమకూర్చే విభాగమై కూర్చుంది. ఊరంటే కేసులు దొరికే చోటని కుర్రవాళ్లకు అక్కడే వంటబడుతుంది. పీజీ కౌన్సెలింగ్‌లో ఈ సబ్జెక్టు సీటు తరచూ చివరిదాకా మిగిలిపోతోందంటే వింతేముంది?

ఊరిని ఎలా చదవాలో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ ఉంది: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. ఎక్కువగా ఆడవాళ్లు. సెగంతా అంగిలికి తగులుతుంది కాబట్టి మిగతా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ అక్కడ కనిపిస్తుంది. ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి పరిశోధకులు పిండ్‌బోర్గ్, మెహతాల బృందం 1971లో దీని మీద పత్రం ప్రచురించింది. అంతటితో ఆగలేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో ఇంటింటి సర్వే చేసి, పొగాకు అలవాటున్న 36 వేల మందికి పైగా జనాన్ని ఎంచుకుని, ఐదేళ్లపాటు ఏటా నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుని మాట్లాడి, మాన్పించే ప్రయత్నం చేశారు. శ్రీకాకుళం, ఎర్నాకుళాల్లో మానేసినవారు, తగ్గించినవారు బాగా పెరిగారని 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒక్క పన్ను కూడా పీకకుండా, ఒక్క కుర్చీ కూడా వేయకుండా జరిగిన దంత వైద్యం అది. ఇదంతా మన నేల మీది చరిత్ర. నేటి విద్యార్థికి అందులో దక్కుతున్నది అంగిలి ఫొటో ఒకటి, షార్ట్ నోట్ ఒకటి. తీరం గాలికి చుట్ట ఆరిపోకుండా, పని చేసుకుంటుంటే బూడిద రాలకుండా అలా కాలుస్తామని, అమ్మను చూసి నేర్చుకున్నామని ఆ ఆడవాళ్లు చెప్పే మాటలు ఏ పరీక్షలోనూ మార్కులు తెచ్చిపెట్టవు.

ఫ్లోరోసిస్‌దీ అదే గతి. ఆనాటి నెల్లూరు జిల్లా నుంచి 1937లోనే వైద్య పత్రికకెక్కింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ పేరు పెట్టారు. విద్యార్థికి ఆ మచ్చల తీవ్రతను కొలిచే డీన్ ఇండెక్స్ వస్తుంది, గార మచ్చల మీద వెనీర్ అతికించడం వస్తుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు ఏ ఇళ్లవాళ్లు తాగారు, డబ్బా నీళ్లు కొనగలిగిందెవరు అని ఆరా తీసే అలవాటు మాత్రం రాదు.

‘లక్షలు కట్టి చేరాడు, ముందు పన్ను సరిగ్గా పీకడం నేర్చుకోనివ్వండి. కూలీ, నీళ్లూ సర్కారు పని’ అనేవాళ్లున్నారు. సర్కారు పనేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అన్ని నోళ్లకు కుర్చీలు ఎక్కడ వేస్తాం? దేశంలో డెంటల్ కాలేజీలు 300 దాటాయి. పట్నంలో వీధికో క్లినిక్కు. పల్లెలో పీహెచ్‌సీకి వెళ్తే పంటి డాక్టరు ఊసే ఉండదు. అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువగా దొరుకుతుందని, మార్కెట్‌కు వదిలినకొద్దీ అది ముదురుతుందని వేల్స్ డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశాడు. ఇక సర్కారు పని సంగతే చూడండి: 2025 సెప్టెంబరులో టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు దిగింది. అలాంటి ఒక్క సంతకం ఎన్ని ఇళ్లకు చేరుతుంది, ఏడాది పొడవునా పెట్టే క్యాంపులు ఎన్నింటికి చేరుతాయి? ఇంటర్నల్ పరీక్షలో ఇవ్వదగ్గ ప్రశ్నే.

ఇంటర్న్‌షిప్‌లో మూడు నెలలు గ్రామసేవకే కేటాయించారు. దాన్ని క్యాంపు డ్యూటీలుగా ముక్కలు చేయకుండా, మొదటి ఏడాదిలోనే ప్రతి బృందానికీ ఒక వాడ అప్పగించి, ఇంటర్న్‌షిప్ దాకా అదే వాడకు పంపాలి. ఆశా కార్యకర్త వెంట తిరగాలి. కిరాణా కొట్లో ఐదు రూపాయలకు పిల్లలు ఏం కొంటున్నారో, పన్ను నొప్పి వస్తే మెడికల్ షాపుకు వెళ్తున్నారో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తున్నారో రాసుకోవాలి. ఆఖరి పరీక్షలో ఎగ్జామినర్ ఆ వాడ గురించే గుచ్చి అడగాలి.

యాజమాన్యాలకు ఇది మింగుడుపడదు. వాడలో కూర్చున్న విద్యార్థి బస్సు నింపుకుని రాడు, ఓపీ తగ్గుతుంది. అందుకే తనిఖీ మారాలి. 1948 నాటి చట్టం స్థానంలో 2023లో జాతీయ డెంటల్ కమిషన్ చట్టం వచ్చింది. ఏం లెక్కపెట్టాలో తిరగరాయడానికి ఇదే అదను. ఓపీ రిజిస్టరు అడిగే ఇన్‌స్పెక్టరు, కాలేజీ ఉన్న మండలంలో పొగాకు మానినవారెందరో కూడా అడగాలి. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదన్న చట్టం ఉండగా, ఆ మండలంలో ఎన్ని బడుల ముందు ఇంకా ప్యాకెట్లు వేలాడుతున్నాయో, వాటి మీద కాలేజీ ఎవరికి ఫిర్యాదు చేసిందో చూపమనాలి. చూపలేని కాలేజీ పెట్టుకున్న సీట్ల పెంపు దరఖాస్తును వచ్చే ఏడాదికి వాయిదా వేయాలి.