చిత్రంలో కొండ – కొండలో మనిషి

ప్రకృతి వర్ణన తెలుగు కవులకు కొత్త కాదు. కావ్యంలో ఉండవలసిన అష్టాదశ వర్ణనలలో నగరం, సముద్రం, ఋతువులతో పాటు శైలానికీ స్థానం ఉంది. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేప మహిమతో హిమాలయానికి చేరుకొని, అక్కడి వింతలు చూసి, ఆనాడే ఇల్లు చేరాలనుకొంటాడు. మంచుకు లేపం కరిగిపోయిన తరువాత గాని ఆ కొండ మీద ఎవరున్నారు, దారి ఎవరిని అడగాలి అన్న ఆలోచన అతనికి కలగదు. నేడు అరకులోయకు వచ్చే యాత్రికులలో చాలామంది పాదలేపం పూసుకొన్న ప్రవరులే. ఉదయం విశాఖపట్నంలో రైలెక్కి, సొరంగాలెన్నో దాటి, లోయను చేరి, కనిపించిన ప్రతి దృశ్యాన్నీ ఫొటో తీసుకొని మరలిపోతారు. చిత్రాలు వేలకొద్దీ పోగవుతాయి. చూపు మాత్రం ఎక్కడా నిలవదు.

చూపును నిలిపే సాధనం ఒకటి ఉంది. అది పెద్ద పలక కెమెరా. ఈ కెమెరాలో వాడే ఫిల్ము 4 × 5 అంగుళాలో, 8 × 10 అంగుళాలో ఉంటుంది. 8 × 10 అంగుళాల ఫిల్ము వైశాల్యం మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రానికి దాదాపు 60 రెట్లు. అందువల్ల దూరపు కొండ మీది చెట్టు, దాని పక్కని పాక, పాక ముందరి కాలిబాట కూడా విడివిడిగా కనిపిస్తాయి. ముడతల తిత్తి వంటి ఈ యంత్రాన్ని ముక్కాలిపీట మీద నిలిపి, తల మీద నల్లగుడ్డ కప్పుకొని, వెనుక నున్న గరుకు గాజుపలకను చూడాలి. అందులో కొండ తలకిందులుగా కనిపిస్తుంది. ముందరి పువ్వు, వెనుకటి శిఖరం రెండూ స్పష్టంగా రావాలంటే కటకాన్ని కాస్త వంచి, దాని రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి. అప్పుడు లోనికి వెలుతురు తక్కువగా వస్తుంది కనుక ఎక్కువసేపు కాంతిని పట్టవలసి ఉంటుంది. ఇంతలో గాలి వీస్తే పువ్వు చెదిరిపోతుంది. పేరులోనే గాలిని పెట్టుకొన్న గాలికొండ దగ్గర ఇలాంటి చిత్రం తీయదలచినవాడు గాలి ఆగేదాకా వేచి ఉండక తప్పదు. ఒక్కసారికి ఒక్క పలక మాత్రమే. ఆ నిరీక్షణలోనే అతడు కొండను చూడడం నేర్చుకొంటాడు.

అలంకార శాస్త్రంలో దీనికి దగ్గరైన భావన స్వభావోక్తి. వస్తువును దాని సహజ స్థితిలో, ఉన్నది ఉన్నట్లు కన్నులకు కట్టించడం స్వభావోక్తి. దండి తన 'కావ్యాదర్శం'లో దీనిని మొదటి అలంకారంగా చెప్పాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పడం తేలిక అని తోస్తుంది. నిజానికి అదే కష్టం. ఉన్నదంతా చూసినవాడే ఉన్నది ఉన్నట్లు చెప్పగలడు. సగం చూసి చెప్పినది ఎంత అందంగా ఉన్నా స్వభావోక్తి కాజాలదు.

ఛాయాచిత్ర కళ మన దేశంలోకి వచ్చిన తొలినాళ్ళలోనే చిత్రాలను నలుగురికీ చూపి చర్చించే సంప్రదాయం కూడా వచ్చింది. 1850ల దశకంలో బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో ఛాయాచిత్ర సంఘాలు ఏర్పడ్డాయి. ఆ దశకంలోనే లిన్నేయస్ ట్రైప్ మద్రాసు ప్రెసిడెన్సీలోని మదురై, తంజావూరు వంటి చోట్ల పెద్ద కాగితపు నెగటివ్‌లతో చిత్రాలు తీశాడు. తరువాతి కాలంలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజుపలకల మీద హైదరాబాదు వైభవాన్ని నిలిపాడు. పలక బరువైనది, ఖరీదైనది. కనుక దాని మీద ఏది పడాలి, ఏది పడకూడదు అన్న ప్రశ్న వారికి ఎప్పుడూ ఉండేది.

ఆ ప్రశ్న ఎంత బరువైనదో అమెరికాలోని యోసెమిటీ లోయ చరిత్ర చెబుతుంది. కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో సుమారు 18 × 22 అంగుళాల గాజుపలకలతో ఆ లోయను చిత్రించాడు. ఆ చిత్రాలు పలువురిని కదిలించాయి. 1864లో అధ్యక్షుడు లింకన్ ఆ లోయను ప్రజల కోసం సంరక్షించే చట్టంపై సంతకం చేశాడు. ఒక కళ ఒక లోయను కాపాడడంలో పాలుపంచుకొన్నది. ఇది గొప్ప విషయం. అయితే ఆ లోయలో తరతరాలుగా అహ్వానీచీ అనే ఆదివాసులు నివసించేవారు. 1851లో సాయుధ దళం ఒకటి లోయలో ప్రవేశించి వారిని తరిమింది. పదేళ్ళ తరువాత వచ్చిన ప్రసిద్ధ చిత్రాలలో కొండలున్నాయి, జలపాతాలున్నాయి, వాటి మధ్య బతికిన మనుషుల జాడ లేదు. చూసినవారు అది మానవస్పర్శ ఎరుగని సీమ అనుకొన్నారు. రాయిని రాయిగా, నీటిని నీటిగా చూపిన ఆ స్వభావోక్తిలో కూడా సగం సత్యం జారిపోయింది.

2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ విషయంలో అలా జరగరాదు. శీతకాలం మొదట్లో లోయ అంతటా పరచుకొనే పసుపుపచ్చని పూలు అడవిపూలు కావు. అవి వలిసె చేలు. ఆ గింజల నుండి నూనె వస్తుంది. చిత్రం కోసం చేలో దిగినవాడు ఒక కుటుంబపు పంటను తొక్కుతున్నాడు. కొండవాలున కనిపించే నీడ చెట్ల కింద కాఫీ తోటలున్నాయి. అక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. చిత్రకారునికి మచ్చలా తోచే బోడి నేల ఒకరి పోడు చేను కావచ్చు. బగత, కొండదొర, కోటియ, పోర్జ, వాల్మీకి మొదలైన తెగల ఊళ్ళు ఆ మంచుతెర కిందనే ఉన్నాయి. ఇంకొక సంగతి. బొర్రా ప్రాంతపు గ్రామాలలో గనుల లీజులపై 'సమత' అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997లో చరిత్రాత్మకమైన తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడం చెల్లదన్నది దాని సారాంశం. కొండ ఎవరిది అన్న ప్రశ్న మీద న్యాయస్థానంలో ఇంత పోరాటం జరిగిన చోట, మనుషులు లేని కొండను మాత్రమే చూపడం అమాయకత్వం అనిపించుకోదు. ఖాళీగా కనిపించే నేల మీద ఎవరైనా హక్కు చెప్పుకోవచ్చు.

సౌందర్యారాధనకు ఇన్ని నియమాలా అని కొందరు అడగవచ్చు. ప్రతి చిత్రంలోనూ మనిషి కనిపించి తీరాలని దీని అర్థం కాదు. అనుమతి అడగకుండా గిరిజన స్త్రీలను, పిల్లలను అలంకార వస్తువులుగా చిత్రించడం అంతకన్నా పెద్ద తప్పు. కొండ మీది మంచును మంచుగానే చిత్రించవచ్చు. కావలసినది చిత్రకారుని ఎరుక. ఆ చేను ఎవరిదో, ఆ కొండను ఊరివారు ఏ పేరుతో పిలుస్తారో, ఆ బాట ఎక్కడికి పోతుందో తెలిసినవాడు తీసిన చిత్రంలో ఆ ఎరుక ఏదో ఒక రూపంలో తొంగిచూస్తుంది.

ఇక చిత్రాన్ని చూసేవారి బాధ్యత మిగిలింది. కావ్యానికి సహృదయుడు ఎంత అవసరమో చిత్రానికీ అంతే అవసరం. చిత్రాన్ని నలుగురిలో పెట్టినప్పుడు 'అద్భుతం' అన్న ఒక్క మాటతో ముగించడం సహృదయత కాదు. వెలుతురు ఎలా పట్టారు, ఏ కటకం వాడారు అని అడగడం మంచిదే. దానితో పాటు ఇది ఏ ఊరు, ఎవరి నేల, ఏ ఋతువు, చిత్రం తీసినందుకు ఆ ఊరికి ఏమి జరిగింది అని కూడా అడగాలి. ఆ ఊరివారికే ఒక ప్రతి ఇచ్చి, వారి మాట విని, ఆ తరువాత చర్చించుకొంటే మరీ మేలు. ఆ కొండను అందరికన్న ఎక్కువ కాలం చూసినవారు వారే కదా!