వరద నష్టాన్ని ఏ పద్దులో రాద్దాం?

నేను బీకాం చదివి, ముప్పై ఏడేళ్ళు రక్షణ శాఖ లెక్కల ఆఫీసుల్లో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఇంజనీరును కాను. వాతావరణ శాస్త్రం అసలే తెలియదు. అయినా వరదల గురించి రాయడానికి నాకొక అర్హత ఉందనుకుంటున్నాను. నష్టాన్ని ఏ పద్దులో రాయాలన్న తగాదాలోనే నా సర్వీసు సగం గడిచింది.

సైన్యంలో సామాను పోయినా, పాడైనా నష్ట పత్రం ఒకటి తయారవుతుంది. అందులో రెండు పద్దులుంటాయి. మొదటిది దొంగతనం, మోసం, నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం. రెండోది ఆ మూడూ కారణం కాని నష్టం. ఈ రెండో పద్దంటే అందరికీ మహా ప్రేమ. ఎందుకంటే దాన్ని రద్దు చేసే అధికారం పెద్దది, విచారణ చిన్నది, ఎవరి జీతంలోంచీ రికవరీ ఉండదు. "భారీ వర్షానికి తడిసి పాడైనవి" అని రాసి ఫైలు పంపేస్తారు. మా పని ఆ ఫైలుని ఆపి అడగడం. గోడౌన్ కప్పు కారుతోందని మీకు ఎప్పుడు తెలిసింది? మరమ్మతుకి ఎప్పుడు రాశారు? డబ్బు మంజూరయ్యాక ఏం చేశారు? వాన ఆకాశం నుంచి పడిందన్నది నిజమే. కప్పు బాగు చేయించనిది మాత్రం ఆకాశం కాదు కదా!

హైదరాబాదు మునిగిన ప్రతిసారీ మనం నష్టాన్ని రెండో పద్దులోనే రాస్తున్నాం. ఇదే నా ఫిర్యాదు.

పేర్లు మాత్రం మారాయి. పూర్వం "గంగమ్మ ఆగ్రహం" అనేవాళ్ళు. ఇప్పుడు టీవీలో, పత్రికల్లో "ప్రకృతి ప్రకోపం", "కనీ వినీ ఎరుగని వర్షం" అంటున్నారు. దేవుణ్ణి తీసేసి ఆ కుర్చీలో ప్రకృతిని కూర్చోబెట్టినంత మాత్రాన అది శాస్త్రీయ దృక్పథం అయిపోదు మిత్రులారా. కారణాన్ని మనుషుల చేతికి అందని చోట పెట్టడమే మూఢనమ్మకం. ఆ పని యజ్ఞం చేసేవాడు చేసినా, ప్రెస్ మీట్ పెట్టేవాడు చేసినా ఒకటే.

"కనీ వినీ ఎరుగని" అన్న మాటనే తీసుకుందాం. 2020 అక్టోబరు 13న మొదలై 24 గంటల్లో బేగంపేటలో పడిన వాన సుమారు 19 సెంటీమీటర్లు. అక్టోబరు నెల వరకు అది రికార్డే. శివార్లలోని ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది, అదీ నిజమే. కానీ అదే బేగంపేటలో 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు పడింది. అంటే ఇరవై ఏళ్ళ కిందట కన్నాం, విన్నాం, మునిగాం కూడా. ఆ వరద తరవాత అధ్యయనం చేయించారు. నాలాలు వెడల్పు చెయ్యాలని 2003లో నివేదిక వచ్చింది. కప్పు కారుతోందని రాతపూర్వకంగా తెలిసిన తేదీ అది. ఆ తరవాత జరిగిన నష్టాన్ని ఏ ఆడిటరు ముందు పెట్టినా మొదటి పద్దులోనే రాస్తాడు.

ఇంకా వెనక్కి, 1908కి వెళదాం. ఆ సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు పదిహేను వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ వరద గురించి పాత బస్తీలో ఇప్పటికీ ఒక కథ చెప్తారు. ఎవరో జ్యోతిష్కుడు చెప్తే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకు వెళ్ళి పూజ చేసి, చీర, కొబ్బరికాయ సమర్పించాడనీ, అంతట మూసీ శాంతించిందనీ. మత సామరస్యానికి గుర్తుగా ఈ కథ చెప్తే నాకేమీ అభ్యంతరం లేదు. కార్యకారణ సంబంధంగా చెప్తేనే పేచీ. వచ్చిన ప్రతి వరదా తగ్గుతుంది, పూజ చేసినా చెయ్యకపోయినా. అయినా ఆ నిజాముకే పూజ మీద పూర్తి నమ్మకం ఉంటే 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఎందుకు పిలిపిస్తాడు?

విశ్వేశ్వరయ్య వచ్చి లెక్కలు తీశాడు. మూసీ పరీవాహక ప్రాంతం 860 చదరపు మైళ్ళు, అందులో చెరువులు 788. చదరపు మైలుకి దాదాపు ఒక చెరువు. పైవి తెగితే ఆ నీళ్ళు కిందివాటి మీద పడి అవీ తెగుతాయి. అందుకని నగరానికి ఎగువన వరదను పట్టి ఉంచే జలాశయాలు కట్టాలన్నాడు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. కొబ్బరికాయ ఖర్చుకి ఫలితం ఏమిటో ఎవరూ చూపించలేరు. ఈ రెండు జలాశయాలు మాత్రం వందేళ్ళుగా పనిచేస్తూ కళ్ళెదుట ఉన్నాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కట్టడాలను పరిమితం చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో ఇంకో జీవోతో తొలగించారు. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఆ జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ గడ్డ మీద కట్టిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. 1908 నాటి తేదీకి సరిగ్గా రెండు రోజుల ముందు! జాతకాల మీద నమ్మకం ఉన్నవాళ్ళు ఇందులో గ్రహాల్ని వెతుక్కోవచ్చు. నాకైతే నదిలో బస్ స్టేషన్ కనిపిస్తోంది.

ఇక నా సొంత నష్ట పత్రం కూడా మీ ముందు పెట్టాలి. లేకపోతే ఇదంతా ఊరికి చెప్పే నీతే అవుతుంది.

1994లో మా ఆఫీసువాళ్ళం కొందరం కలిసి శివార్లలో స్థలాలు కొన్నాం. మా పక్కింటాయన ఇల్లు కట్టేముందు వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఈశాన్యం పల్లంగా ఉండాలన్నాడని రెండు లారీల మట్టి తవ్వించి, నైరుతిలో పోయించాడు. నేను ఆయన్ని ఎంత వెక్కిరించానో! "వాస్తు కాదండీ, లింకు డాక్యుమెంట్లు చూసుకోవాలి" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. నా డాక్యుమెంట్లు అన్నీ భేషుగ్గా ఉన్నాయి. లేఔటుకి అనుమతి లేదని తెలిసి 2007 చివర క్రమబద్ధీకరణ జీవో రాగానే ఫీజు కట్టి రసీదు తెచ్చుకున్నాను. రసీదుంటే ఇక భయమేముంది అనుకున్నాను.

2020 అక్టోబరులో మా ఇంట్లోకి మూడడుగుల నీళ్ళొచ్చాయి. ఆయన ఇంట్లోకీ మూడడుగులే. ఆయన దేవుడి గది, నా పుస్తకాల బీరువా ఒకే ఎత్తు వరకు తడిశాయి. "వరుణుడు పగబట్టాడండీ" అన్నాడాయన. నాకు నవ్వు రాలేదు.

నీళ్ళు తీశాక సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి పాత గ్రామ నక్షా తెప్పించుకున్నాను. ఎగువన ఒక కుంట, దిగువన ఒక చెరువు, మధ్యలో కుంట అలుగు పారే కాలువ. ఆ కాలువ ఎక్కడుందయ్యా అని చూస్తే అదే మా కాలనీ ముప్పై అడుగుల రోడ్డు! మా గేటు దాని మీదికే తెరుచుకుంటుంది. నక్షా ఇరవయ్యారేళ్ళూ ఆఫీసులోనే ఉంది. ఆయన ఈశాన్యం పల్లం చూశాడు. నేను కాగితాల్లో పేర్లు చూశాను. కాలనీ మొత్తం పల్లమని ఇద్దరం చూడలేదు. సర్కారు ముద్ర ఉంటే నేల ఎత్తు పెరుగుతుందని నమ్మడం కూడా మూఢనమ్మకమే. హేతువాదినని చెప్పుకుంటూ ఆ నమ్మకాన్ని నేను ఇరవయ్యారేళ్ళు మోశాను.

ఆ ఫీజు లెక్క కూడా చూడండి. నా దగ్గర వసూలు చేసిన డబ్బు ఖజానాలో ఆదాయంగా జమ అయింది. దానితో పాటు సర్కారు నెత్తిన పడిన బాధ్యత, అంటే ఆ నీటికి వేరే దారి చూపించే ఖర్చు, ఏ పుస్తకంలోనూ నమోదు కాలేదు. ఆదాయం రాసుకుని అప్పు రాసుకోని పుస్తకాన్ని మా ఆఫీసులో దొంగ లెక్క అనేవాళ్ళం. చెరువు శిఖంలో, నాలాలో ఉన్న స్థలాలకు క్రమబద్ధీకరణ లేదని నిబంధనల్లో రాసే ఉంటుంది. మరి శిఖం హద్దును పూర్తిగా తేల్చకుండా శిఖంలో లేదని ఎలా తేలుస్తారు? 2020లో మళ్ళీ అలాంటి పథకమే వచ్చింది. ఆ జీవో తేదీ ఆగస్టు 31. ఆరు వారాలకి వరద.

నీటి లెక్క అంత కష్టం కాదు. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే నలభై వేల లీటర్లు. 19 సెంటీమీటర్లు పడితే ఏడున్నర లక్షల పైమాటే. మురుగుకాలువలు కట్టే ఇంజనీర్లు దీనికి వాడే సూత్రం పేరు "రేషనల్ ఫార్ములా". పేరు మన కోసమే పెట్టినట్టుంది! ఎంత వాన పడిందో, ఎంత నేల మీద పడిందో, అందులో ఎన్నో వంతు పారుతుందో చూసి గుణించడమే. చెట్టూ మట్టీ ఉన్న నేల మీద మూడో వంతు పారుతుందనుకుందాం. నేల బాగా నానాక ఇంకడం తగ్గుతుంది నిజమే, అయినా ఉజ్జాయింపుకి చాలు. నగరాల్లో కాంక్రీటు వల్ల 95 శాతం వరకు పారుతుందని లెక్క వేసుకోమని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. తేడా ఎకరానికి సుమారు ఐదు లక్షల లీటర్లు. వేసవిలో మనం కొనుక్కునే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు వంద. యాభై ఎకరాల లేఔటు అంటే ఐదు వేల ట్యాంకర్లు ఒక్క రోజులో కింది కాలనీ మీదికి పంపించడం. ఆ లేఔటుకి సంతకం పెట్టిన రోజే ఈ లెక్క వెయ్యొచ్చు. కూడికలు, గుణింతాలు వస్తే చాలు.

ఇది ఒక్క హైదరాబాదు జబ్బు కాదు. ముంబయిలో 1985 వరద తరవాత నివేదిక తయారు చెయ్యమన్నారు. 1993లో అది వచ్చింది. గంటకు 25 మిల్లీమీటర్ల వానకు కట్టిన పాత కాలువలను 50కి పెంచమంది. అందులో చాలా పని మిగిలి ఉండగానే 2005 జులై 26న శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్లు పడింది. అంత వానను 50 మిల్లీమీటర్ల కాలువా మోయలేదు, ఒప్పుకుంటాను. కానీ మామూలు వానలకే మునిగే ఊరు పెద్ద వానను సాకుగా చూపించకూడదు. చెన్నైలో 2015 వరదను మనుషులు తెచ్చిపెట్టిన విపత్తు అని కాగ్ తేల్చింది. ఆ నివేదిక 2018లో శాసనసభ ముందుకొచ్చింది. చూశారా, ఒక ఆడిటరు ధైర్యం చేసి మొదటి పద్దులో రాశాడు.

"మరి వాతావరణ మార్పు సంగతో?" అని చదువుకున్న మిత్రులే అడుగుతారు. భూమి వేడెక్కడం నిజం. ఒక డిగ్రీ పెరిగితే గాలి ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, కుండపోతలు పెరుగుతాయి. అయితే వాన పెరుగుతుందని ముందే తెలిసినవాడు కాలువను వెడల్పు చెయ్యాలి గాని, సన్నం చేస్తాడా? కారణంగా చెప్పాల్సినదాన్ని సాకుగా చెప్తే అది కూడా కొత్త కర్మ సిద్ధాంతమే.

ఇంకో మాట. వరద రాగానే అందరి వేలూ నాలా పక్క గుడిసెల వైపు తిరుగుతుంది. గుడిసె కంటికి కనిపిస్తుంది, చెరువుని పూడ్చిన లేఔటు కనిపించదు, దానికి కాంపౌండు గోడ ఉంటుంది కనక. 2024లో హైడ్రా వచ్చాక కూల్చివేతలు చూశాం. ఆక్రమణలు తీయాల్సిందే, ఏ మతం కట్టడమైనా నీటి దారిలో ఉంటే తీయాల్సిందే. మన ఊళ్ళో చెరువు కట్టను కాపాడమని కట్ట మైసమ్మను పెట్టుకున్నారు పెద్దలు. ఇప్పుడు చాలా చోట్ల మైసమ్మ ఉంది, కట్ట లేదు. కానీ ఇల్లు కూలినంత వేగంగా, దానికి అనుమతిచ్చిన సంతకం మీద విచారణ నడుస్తోందా? నష్టపోయినవాడి దగ్గరే రికవరీ చేసే పద్ధతి నా సర్వీసులో ఎక్కడా చూడలేదు.

2020లో వరద సాయానికి 550 కోట్లు వారం తిరక్కుండా విడుదల చేశారు, ఇంటికి పది వేలు. బాధితుడికి ఇవ్వొద్దని అనను, మా వీధిలో దానితోనే పొయ్యి వెలిగినవాళ్ళున్నారు. ఆ తరవాత నాలాల మొదటి దశ పనులకి అనుకున్నది సుమారు 985 కోట్లు. అంటే ఒక్క వరద సాయం సొమ్ము సగం కంటే ఎక్కువ పనికి సరిపోయేది. 2003లోనే మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో మీరే లెక్క కట్టుకోండి.

మనం అడగాల్సినవి నాలుగే. చెరువుల, కుంటల, వాటి మధ్య కాలువల తుది హద్దులు సర్వే నంబర్లతో సహా రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ మీద ఉండాలి. ప్రతి అనుమతి కింద ఇచ్చినవాడి పేరు జనానికి కనిపించాలి. నాలాలో తీసిన పూడికను బిల్లులతో కాదు, తూకంతో లెక్కపెట్టాలి. తీసి గట్టున పోసిన మట్టి తొలకరికి మళ్ళీ నాలాలో పడితే దానికి రెండోసారి బిల్లు పాసు చెయ్యకూడదు. ప్రతి వరద తరవాతా కోర్టు విచారణ లాంటిదొకటి జరిగి, నష్టం ఏ పద్దులో పడుతుందో పేర్లతో తేల్చాలి.

నిప్పుల మీద నడిచే స్వాముల గుట్టు మనం చాలానే విప్పాం. ఇప్పుడు మీ ఊరి గ్రామ నక్షా కూడా ఒకసారి తెప్పించుకోండి. ఖర్చు తక్కువే. మా కాలనీలో నేనూ, పక్కింటాయనా కలిసి దరఖాస్తులు పెడుతున్నాం. ఆయన ప్రతి దరఖాస్తు పైనా ఓంకారం రాస్తాడు. రాసుకోనివ్వండి. కింద సర్వే నంబరు మాత్రం సరిగ్గా రాస్తున్నాడు.