మా బిడ్డని బోర్డు కాడికి పిలవండి!

జూన్ 12న బడి తెరుస్తారు. మాలపేట నుంచి, రెల్లివీధి నుంచి మన బిడ్డలు పలకలట్టుకుని పోతారు. ముందు వరస ఎవరిదో, వెనక గోడ ఎవరిదో ఆ రోజే తేలిపోతాది.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేద్కర్‌ని లెక్క చెయ్యమని బోర్డు కాడికి పిలిస్తే, దాని వెనక దాచుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని సవర్ణ పిల్లలు పరుగెత్తారు. అయినా 1907లో ఆయన మెట్రిక్ గట్టెక్కాడు.

ఇప్పుడు డబ్బాలు లేవు. "మీవోళ్ళకి లెక్కలు రావు" అనే మాటుంది. ఊడ్పులకెళ్ళిన అమ్మ వేళ్ళ మీద కూలి తేల్చేది లెక్క కాదా? లెక్క రానోణ్ణి మేస్త్రీ ముంచుతాడు, షావుకారు ముంచుతాడు.

బడిలో వివక్ష కూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. కాగితం చాలదు. అన్నలారా, అక్కలారా! మొదటివారమే బడికెళ్ళండి. బిడ్డ ఎక్కడ కూకున్నాదో చూడండి. సుద్దముక్క ఎన్నిసార్లు చేతికిచ్చారో అడగండి. ఆ లెక్క మనమే తేల్చాలి!