కుంగే నేల మ్యాపు ఎవలికోసం?

జోషీమఠ్ యాదికున్నదా? ఉత్తరాఖండ్‌ల కొండమీది పట్నం. 2023 జనవరిల 800కు పైగా ఇండ్లకు పర్రెలు వడ్డయి. జనం గంత చలిల ఇండ్లిడిసి బయటవడ్డరు.

గప్పుడు లెక్క దీసింది మన హైదరాబాదుల ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఇస్రోవాళ్ల సంస్థ. 2022 డిసెంబర్ 27 నుంచి జనవరి 8 దాకా, 12 దినాలల్లనే నేల 5.4 సెంటీమీటర్లు కుంగిందని చెప్పింది. ఉపగ్రహం ఒక్క జాగ మీదికెళ్లి మళ్ల మళ్ల పోతూ రాడార్ తరంగాలు ఇడుస్తది. నేలకు తాకి వచ్చినదాన్ని పాతదానితోని పోలిస్తే సెంటీమీటరు తేడా గూడ దొరుకుతది. మబ్బు అడ్డం రాదు. చెట్లు, పంటలు గుబురుగ ఉన్నకాడ మాత్రం లెక్క సరిగ రాదు.

గింత మంచి లెక్క రెండు మూడు దినాలల్లనే వెబ్‌సైటు నుంచి మాయమైంది. మీడియాతోని మాట్లాడొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సైంటిస్టుల సంస్థలకు రాసింది. జనం అయోమయం అయితరట! ఇంటి గోడే పర్రె ఇచ్చినోడు మ్యాపు జూసి కొత్తగ అయోమయమయ్యేదేంది? 1976లనే మిశ్రా కమిటీ గా ఊరు పాత కొండచరియల మట్టి, రాళ్ల మీద ఉన్నదని, పెద్ద కట్టడాలు, పేలుళ్లు వద్దని రాసిచ్చింది. ఇన్నదెవలు?

మనకెందుకంటరా? గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి దిక్కు బొగ్గుబాయిల నడుమ పుట్టినోళ్లకు ఎరుకే. లోపల నిలవెట్టిన బొగ్గు పిల్లర్లు గూడ తీసి కప్పు కూలనిస్తే పైన నేల కుంగుతది. బొగ్గు పొర మందం, లోతు, తవ్విన వెడల్పు తెలిస్తే ఎంత కుంగుతదో ముందుగనే అంచనా గట్టొచ్చు. కుంగిన జాగ నడుమ కంటె అంచుల పొంటి నేల సాగుతది, పర్రెలు గక్కడనే ఎక్కువ. అంటే తవ్విన హద్దుకు జర అవతల చెల్క ఉన్నోళ్లు గూడ నిమ్మలంగ ఉండరాదు.

కొత్త భూగర్భ గనికి పర్యావరణ అనుమతి అడిగేటప్పుడు పెట్టే రిపోర్టుల గీ అంచనా ఉంటది. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు దాని సారాంశం తెలుగుల గూడ ఇయ్యాలని 2006 నోటిఫికేషన్ చెప్తది. సారాంశంతోని ఊకోకుండ్రి తమ్మీ, అసలు రిపోర్టు కలెక్టరాఫీసుల, జిల్లా పరిషత్తుల అడిగి కుంగుడు మ్యాపు తీయుండ్రి. దాని మీద మీ ఊరి సర్వే నంబర్లు పెట్టి చూడుండ్రి. మీటింగుల మైకు దొరికితే కొలువులు, రోడ్లతోపాటు గిది గూడ అడుగుండ్రి: మా నంబరు కాడ ఎంత కుంగుతది, ఏ ఏడాది, బోరు ఎండితే జవాబు ఎవలిది? చెప్పిన జవాబు ఆఖరుకు చదివే రికార్డుల ఉన్నదా లేదా ఇనేదాక కుర్చీల నుంచి లేవకుండ్రి.